సరంగు కథకి టీజర్

తమ్ముడూ,

నీ స్క్రిప్టు చదివాను. నరసాపురం రేవులో జనాన్ని గోదావరి దాటించే పంటు నడిపే సరంగు, తమ్ముడు పోయాక నోరు విప్పని మనిషి, సినిమా మొత్తానికి మూడే ఫైట్లు. సఖినేటిపల్లి వైపు ఇసుకలో జరిగే రెండో ఫైటు బాగుంది. కొట్టాక వాడి చెయ్యి వణుకుతుంది చూడు, అందుకు. అది తీసెయ్యమని ఎవరన్నా వినకు.

నువ్వడిగింది వేరు. ప్రొడ్యూసరు గారు టీజర్‌లో ఫైట్లే పెడతామంటున్నారు, జనానికి నచ్చకపోతే తప్పు నా కథదేనా అన్నావు. చాలావరకు కాదు. కానీ మాట పడేది కథే.

2011లో అమెరికాలో ‘డ్రైవ్’ అనే సినిమా వచ్చింది. కేన్స్‌లో ఉత్తమ దర్శకుడి అవార్డు తెచ్చుకుంది. మిషిగన్‌లో ఒకావిడ ట్రైలర్ చూసి, కార్ల ఛేజింగులుంటాయని వెళ్లి, అవి పెద్దగా లేవని ఏకంగా కోర్టులో కేసు వేసింది. మొదటిరోజు హాల్లోంచి బయటికొచ్చే జనాన్ని అడిగి గ్రేడు వేసే సినిమాస్కోర్ లెక్కలో దానికి సి మైనస్ పడింది. మరుసటి ఏడాది ‘ది గ్రే’. ట్రైలర్‌లో హీరో పగిలిన సీసాలు పిడికిళ్లకు కట్టుకుని తోడేలు మీదికి దూకబోతాడు. సినిమా సరిగ్గా అక్కడే ఆగిపోతుంది. చావుకు ఎదురు నిలబడిన మనిషి కథ అది, అమ్మింది మాత్రం తోడేలుతో కుస్తీ. నాకా ముగింపు చాలా ఇష్టం. అదే భీమవరం బెనిఫిట్ షోలో పడితే కుర్చీలు మిగిలేవి కావనుకో.

మనవాళ్ల సంగతే చూడు. రాజోలు దగ్గర మట్టపర్రు నుంచి వెళ్లిన సుకుమార్ గారి ‘1 నేనొక్కడినే’ 2014 సంక్రాంతికి వచ్చింది. కనిపించేది నిజమో కాదో తనకే తెలియని హీరో. కోడిపందాల బరి నుంచి కొత్తల్లుళ్లని వెంటేసుకుని హాలుకొచ్చినవాళ్లు మహేష్ బాబు పండగ సినిమా అనుకుని కూర్చున్నారు. తర్వాత నిడివి తగ్గించారు. నన్నడిగితే దానికి కావాల్సింది కత్తెర కాదు, వేరే తేదీ. రాజమౌళి గారు ‘ఈగ’ కథ మొదట్లోనే ప్రెస్‌మీట్‌లో చెప్పేశారు. అందుకే హీరో ముందే చనిపోయినా ఎవరూ అలగలేదు.

ప్రొడ్యూసరు గారిని తిట్టుకోకు. ఈస్టు, వెస్టు గోదావరి జిల్లాలకి సినిమా కొనే బయ్యర్లు ఫైట్లెన్ని అనే అడుగుతారు, ఓపెనింగ్స్ రాకపోతే నీ సరంగుని చూసేవాడే ఉండడు. టీజర్ కట్ చేసేది నువ్వు కాదు. మొదటి పది నిమిషాలు మాత్రం నీవి. ఇప్పుడు అవీ ఫైటుతోనే మొదలవుతున్నాయి. అంటే టీజర్ చెప్పే అబద్ధానికి నువ్వే సంతకం పెడుతున్నావు. పంటు కదిలాక పరిగెత్తుకొచ్చిన ముసలామె కోసం వాడు వెనక్కి తిప్పుతాడా, తిప్పడా? అక్కడ మొదలుపెట్టు. ఈ సినిమాని వాడి ముఖం చూస్తూ చూడాలని జనానికి అప్పుడే తెలిసిపోతుంది.

ఇంకోటి. ప్రతి ఫైటుకీ ముందో నిమిషం, తర్వాతో నిమిషం రాయి, మాటల్లేకుండా. వణికే చెయ్యి క్లోజప్పులో దొరికితే ఎడిటరే టీజర్‌లో వాడతాడు, మాస్‌గానూ ఉంటుంది. షూట్ చెయ్యని షాటుని ఎవరూ ట్రైలర్‌లో పెట్టలేరు కదా.

నాలుగో ఫైటు అడిగితే మాత్రం ఒప్పుకోకు. మార్చిన మొదటి సీన్లు పంపు, సెకండాఫ్ గురించి అప్పుడు మాట్లాడుకుందాం.

ఇట్లు,
పాలకొల్లు అన్నయ్య