ఓడిన ఆటలే తీసుకెళ్ళు

అమ్మలూ,

చెస్ కోచ్ దగ్గర చేరానని రాశావు, చాలా సంతోషం. మొదటి రోజు చూపించడానికి గెలిచిన ఆటలు రెండు తీసి పెట్టుకున్నానన్నావే, వాటిని పక్కన పెట్టెయ్. ఓడినవి తీసుకెళ్ళు. అందులోనూ ఎక్కడ దెబ్బ తిన్నావో నీకే అంతుచిక్కనివి.

ఆట అవ్వగానే ఇంజిన్, అంటే ఎత్తుల్ని లెక్కగట్టే చెస్ కంప్యూటర్ ప్రోగ్రామ్, పెట్టి చూడకు. అది సరైన ఎత్తు చూపించేశాక, అప్పుడు నీ బుర్రలో ఏముందో ఇక గుర్తురాదు. "నేనూ అదే అనుకున్నాను" అనిపిస్తుంది. ఆ రోజే కూర్చుని, తటపటాయించిన నాలుగైదు ఎత్తుల దగ్గర ఏం ఆలోచించావో నోట్‌బుక్‌లో రాయి. భయం వేస్తే భయం వేసిందనే రాయి. ఆట నడుస్తుండగా మాత్రం ఇలాంటివి రాయకూడదు, రూల్స్ ఒప్పుకోవు. గడియారంలో మిగిలిన టైము, ఎత్తులు రాసుకునే స్కోర్‌షీట్ మీద వేసుకోవచ్చు, అది తప్పకుండా వెయ్యి. ఎక్కడ ఇరవై నిమిషాలు తన్నుకులాడావో, ఎక్కడ పది సెకన్లలో ఆడేశావో కోచ్‌కి దాన్నిబట్టే తెలుస్తుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఒకసారి ఏనుగుల ఎండ్‌గేమ్‌లో, అంటే రాజులూ ఏనుగులూ బంట్లూ మాత్రమే మిగిలిన ఆట చివరి దశలో, అవతలివాళ్ళకి ఒక బంటు ఎక్కువ. నా రాజు ఆ బంటుకి ఎదురుగా చివరి వరుసలో ఉన్నాడు. వాళ్ళ వైపు నుంచి లెక్కేస్తే బంటు ఇంకా ఐదో వరుసలోనే ఉంది, నా ఏనుగు ఆరో వరుసని కాస్తోంది. దీన్ని ఫిలిడోర్ పొజిషన్ అంటారు. ఏనుగుని ఆ వరుసలోనే అటూ ఇటూ తిప్పుతూ ఉండాలి. బంటు ఆరో వరుసలోకి అడుగుపెట్టాకే ఏనుగుని అవతలి చివరికి పంపి వెనకనుంచి చెక్‌లు ఇవ్వాలి. అప్పుడు వాళ్ళ రాజుకి తలదాచుకునే చోటుండదు, ఆట డ్రా. ఇదంతా నాకు కంఠతా వచ్చు. అయినా బంటు కదలకముందే ఏనుగుని పంపేశాను. వాళ్ళ రాజు వచ్చి బంటు ముందు నిలబడ్డాడు. వెనకనుంచి నేనిచ్చే చెక్‌లకి ఆ బంటే అడ్డం. ఆట పోయింది.

కోచ్ ఎండ్‌గేమ్ పాఠం మొదలుపెడతారనుకున్నాను. "ఎందుకు పంపావు?" అని మాత్రం అడిగారు. "ఊరికే తిప్పుతూ కూర్చుంటే ఏమీ చేయనట్టు అనిపించింది సార్" అన్నాను. ఆయన నా పాత స్కోర్‌షీట్లు రెండు తీశారు. ఒకదాంట్లో తొందరపడి మంత్రుల్ని మార్చుకున్న చోట, ఇంకోదాంట్లో అక్కర్లేని బంటుని తోసిన చోట వేలు పెట్టి చూపించారు. ఇంజిన్‌కి అవి మూడు వేరువేరు తప్పులు. ఆయనకి మాత్రం ఒకటే జబ్బు కనిపించింది, నాకు కాచుకుని కూర్చోవడం రాదు. ఆ మాట నా నోటి నుంచి వచ్చింది కాబట్టే ఆయనకి దొరికింది.

చెప్పింది అర్థం కాకపోతే తలూపకు. ఒప్పుకోబుద్ధి కాకపోతే బోర్డు మీద నీ ఎత్తు వేసి చూపించు, వాదించు, మంచి కోచ్ ఏమీ అనుకోరు. 1948లో ప్రపంచ చాంపియన్ అయిన మిఖాయిల్ బోట్విన్నిక్, ఆటగాళ్ళు తమ విశ్లేషణల్ని అచ్చు వేయించాలనేవాడు, తప్పులుంటే నలుగురూ పట్టుకుంటారని. నీకు పట్టుకోవడానికి ఒక మనిషి ఎదురుగా ఉన్నారు.

ఆయన పది విషయాలు చెప్పినా, ఒక్కదాన్నే నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకుని తర్వాతి పది ఆటలూ దాని మీదే పెట్టు. ఎన్నిసార్లు మళ్ళీ అదే చేశావో లెక్క రాసి ఆయనకి చూపించు. అన్నాళ్ళూ రేటింగ్ కాస్త తగ్గినా టెన్షన్ పడకు. మొదటి క్లాసు అయ్యాక ఆయన ఏమన్నారో, ఆయన మాటల్లోనే నాకు రాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న