ఎంఏ ఇంగ్లీష్ పిల్లలకు అకడమిక్ ఎస్సే రాయడం ఎలా నేర్పాలి?

కొత్తగా లెక్చరర్‌గా చేరానని, పిల్లల ఇంగ్లీష్ బాగానే ఉన్నా ఎస్సేలన్నీ పరీక్ష గైడ్లలా ఉంటున్నాయని రాశారు. నేను చెన్నైలో ఈ పేపరే చెబుతున్నాను. క్లాసులో నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చిన మన పిల్లలూ ఉంటారు. నన్నడిగితే తంటా ఇంగ్లీష్‌తో కాదు. పేజీలు నింపితే మార్కులు పడే పద్ధతిలో డిగ్రీ దాకా వచ్చినవాళ్లకు, సొంత మాట చెప్పొచ్చని ఎవరూ చెప్పి ఉండరు.

ఆర్.కె. నారాయణ్ 'ది గైడ్' మీద రాయమనండి. ఆయన 1906లో మద్రాసులో పుట్టారు, నవల 1958లో వచ్చింది, 1960లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, రాజు పాత్రను అద్భుతంగా చిత్రించారు... ఇదీ మొదటి పేరా. తప్పు ఒక్కటీ ఉండదు, వాదనా ఉండదు. దాన్ని కొట్టేయించి, "నీ మాట కాదనేవాళ్లు ఎవరైనా ఉంటారా?" అని అడుగుతాను. లేరంటే అది థీసిస్ స్టేట్‌మెంట్ కాదు, అంటే ఎస్సే అంతా నిరూపించాల్సిన సొంత వాదన కాదు.

ఈ నవలలో రాజు ఒకప్పటి టూరిస్టు గైడు. జైలు నుంచి వచ్చాక ఊరివాళ్లు అతన్ని స్వామీజీ అనుకుంటారు, చివరికి వాన కోసం ఉపవాసం చేయాల్సి వస్తుంది. ఒకసారి ఒక అమ్మాయి "రాజు చివర్లో నిజంగానే మారాడు సార్" అంది. వెనక బెంచీ కుర్రాడు "ఎవరు చెప్పారు?" అన్నాడు. పుస్తకం తిరగేశారు. గతమంతా రాజు 'నేను' అంటూ వేలన్ అనే పల్లెటూరి మనిషికి తానే చెప్పుకుంటాడు. ఉపవాసం సంగతి మాత్రం రచయిత చెబుతాడు. మరి రాజు సొంత కథను ఎంత నమ్మాలి, రచయిత మాటను ఎంత నమ్మాలి? గొడవ సగం తెలుగులోనే నడిచింది, నేను ఆపలేదు. ఆ అమ్మాయి ఎస్సే అక్కడే మొదలైంది.

రెండో బెడద కాపీ. యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పరిశోధన గ్రంథంలో (థీసిస్) ఇతరుల రాతలతో సారూప్యత 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. ఆ అంకె వినీ వినీ పిల్లలు 'ఇంపార్టెంట్' తీసి 'సిగ్నిఫికెంట్' పెట్టి బయటపడ్డామనుకుంటారు. నిజానికి మూలం చెప్పి కొటేషన్‌లో పెట్టిన వాక్యాలు ఆ లెక్కలోకే రావు. నేనైతే విమర్శకుడి పేరా చదివించి, పుస్తకం మూయించి, పక్కవాళ్లకు నోటితో చెప్పమంటాను, తెలుగులోనైనా సరే. చెప్పగలిగాకే పెన్ను పట్టాలి. తర్వాత పుస్తకం తెరిచి పేజీ నంబరు సరిచూసుకోవాలి.

మొదటి డ్రాఫ్ట్‌లో గ్రామర్ ముట్టుకోకండి. కాగితమంతా ఎర్రసిరా కనిపిస్తే పిల్లలు ఆర్టికల్స్, ప్రిపోజిషన్లు మాత్రమే దిద్ది తెస్తారు, వాదన ఉన్నచోటే ఉంటుంది. నేను పేరా పక్కన "అయితే ఏంటట?" అని పెన్సిల్‌తో రాసి వదిలేస్తాను. భాష సంగతి రెండో డ్రాఫ్ట్‌లో. మూలాలు చూపించే ఎంఎల్ఏ (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) పద్ధతికి ఒక్క క్లాసు చాలు: బ్రాకెట్లో రచయిత ఇంటిపేరు, పేజీ నంబరు, మధ్యలో కామా లేకుండా. దానికోసం సెమిస్టర్ అంతా ఖర్చుపెట్టేవాళ్లను చూశాను, అనవసరం.