హోటల్ బిర్యానీ తిని ఆసుపత్రి పాలయ్యారు.. పరిహారం వస్తుందా?

ప్రశ్న: పన్నెండు రోజుల కిందట శనివారం రాత్రి ఓ హోటల్ నుంచి చికెన్ బిర్యానీ పార్శిల్ తెచ్చాను. నా భార్య, ఇద్దరు పిల్లలు తొమ్మిదింటికి తిన్నారు. నాకు శనివారం ఒంటిపూట, అందుకని తినలేదు. మర్నాడు మధ్యాహ్నానికి ముగ్గురికీ వాంతులు, విరేచనాలు, జ్వరం. మూడు రోజుల ఆసుపత్రి ఖర్చు 38 వేలు అయింది. యజమానిని అడిగితే ‘ఆ రోజు రెండొందల మంది తిన్నారు, ఎవరికీ కానిది మీకే అయిందా?’ అంటున్నాడు. మిగిలిన బిర్యానీ పారేశాం. ఫోన్‌పేలో కట్టిన రుజువు తప్ప బిల్లు లేదు. కేసు వేస్తే నిలుస్తుందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: నిలుస్తుంది. బిర్యానీ పారేశామని దిగులు పడకండి. మీ కేసు తేలేది ఆసుపత్రి కాగితాల మీద.

డిశ్చార్జి సమరీలో బహుశా ‘అక్యూట్ గ్యాస్ట్రోఎంటరైటిస్’ అని రాసి ఉంటుంది. వాంతులు, విరేచనాలు అయ్యాయనే తప్ప దేనివల్ల అయ్యాయో ఆ మాట చెప్పదు. అవతలి లాయరు పట్టుకునేది దాన్నే. నీళ్లు పడలేదేమో, ఇంట్లో పెరుగు పాడయిందేమో అంటాడు. అందుకే మొత్తం కేస్ షీటు కాపీ కావాలని రాతపూర్వకంగా అడగండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల ప్రవర్తనా నియమావళి చెబుతోంది. చేర్చుకునేటప్పుడు డ్యూటీ డాక్టరు రాసుకున్న మొదటి పేజీలో ‘నిన్న రాత్రి బయటి బిర్యానీ తిన్నారు’ అని ముగ్గురి షీట్లలోనూ ఉంటే మీకు అంతకన్నా మంచి సాక్ష్యం లేదు. గొడవ మొదలు కాకముందు, పరిహారం ఆలోచనే లేనప్పుడు చెప్పిన మాట అది.

మలంలో ఏ క్రిమి ఉందో చూసే స్టూల్ కల్చర్‌కు పంపారేమో ల్యాబ్‌లో కూడా కనుక్కోండి. ఆ రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోగా డిశ్చార్జి అయిపోతే కాగితం ల్యాబ్‌లోనే ఉండిపోతుంది. అందులో సాల్మొనెల్లా అని ఉంటే మీకు పెద్ద బలం. ఆ క్రిమి సాధారణంగా తిన్న 6 నుంచి 72 గంటల్లో జ్వరంతో సహా బయటపడుతుంది. మీవాళ్లకు సుమారు 15 గంటలకు మొదలైంది. కల్చర్ చేయకపోయినా, లక్షణాలూ సమయమూ కలుషితాహారానికి సరిపోతున్నాయని వైద్యం చేసిన డాక్టరు చేత అఫిడవిట్ ఇప్పించండి. వినియోగదారుల కమిషన్ ముఖ్యంగా అఫిడవిట్లు, పత్రాల మీదే విచారిస్తుంది. క్రిమినల్ కోర్టులోలా సందేహానికి తావు లేకుండా నిరూపించనక్కర్లేదు. బిర్యానీ వల్లే అయి ఉండే అవకాశం ఎక్కువని చూపితే చాలు.

మీరు తినకపోవడం కేసుకు లోటు కాదు. మధ్యాహ్నం నలుగురూ ఒకే భోజనం చేసి, ఒకే నీళ్లు తాగి ఉంటే, ఆ రాత్రి మీకూ వాళ్లకూ ఉన్న తేడా బిర్యానీ ఒక్కటే. ఈ సంగతి ఫిర్యాదు మొదటి పేరాలోనే రాయండి. ఇక ఆ రెండొందల మంది సంగతి. వాళ్లకేమీ కాలేదని యజమానికి ఎలా తెలుసు? ఒకే గిన్నెలో కూడా ఓ పక్క ముక్క సరిగా ఉడక్కపోవచ్చు, పార్శిల్ కట్టేవాడి చేతి నుంచీ కలుషితం కావచ్చు. అదే రాత్రి తిని జబ్బుపడ్డ మరో కుటుంబం దొరికితే మాత్రం వాళ్ల అఫిడవిట్ తప్పక తీసుకోండి.

ఫిర్యాదు ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోగా వేయాలి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు. ఫీజుకు లెక్కలోకి వచ్చేది మీరు అడిగే పరిహారం కాదు, బిర్యానీకి కట్టిన డబ్బు. అది 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. డబ్బు కట్టింది మీరైనా, మీ అనుమతితో తిన్న భార్యాపిల్లలు కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వినియోగదారులే. ఆసుపత్రి ఖర్చు, పోయిన జీతం, మనోవేదన, కేసు ఖర్చులు విడివిడిగా చూపండి. ఊరికే పది లక్షలు వేస్తే అసలు నష్టం మీద కూడా నమ్మకం తగ్గుతుంది.

జిల్లా ఫుడ్ సేఫ్టీ అధికారికీ ఫిర్యాదు ఇవ్వండి. ఇప్పుడు తీసే శాంపిల్ ఆ రాత్రి బిర్యానీ గురించి ఏమీ చెప్పదు. కానీ వంటగది తనిఖీ నివేదిక, లైసెన్సు వివరాలు మీ కేసుకు పనికొస్తాయి. వాటిని సమాచార హక్కు కింద తీసుకోండి. ఆహార భద్రత చట్టం 65వ సెక్షన్ కింద, తీవ్రం కాని అస్వస్థతకు లక్ష రూపాయల వరకు పరిహారం ఇప్పించే వీలుంది. పోలీసు కేసు మీదే ఆశ పెట్టుకోవద్దు. సురక్షితం కాని ఆహారం విషయంలో ఐపీసీ కల్తీ సెక్షన్ల కంటే ఆహార భద్రత చట్టానిదే పైచేయి అని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది.

ముందుగా 15 రోజుల గడువుతో హోటల్‌కు నోటీసు పంపండి. ఆ రోజు చికెన్ కొన్న బిల్లులు, ఆర్డర్ల రికార్డు, సీసీ కెమెరా ఫుటేజీ భద్రపరచమని అందులో అడగండి. ఫుటేజీ కొద్ది రోజులకే చెరిగిపోతుంది, ఆలస్యం చేయొద్దు. నోటీసు అందాక ఐదో పదో వేలు చేతిలో పెట్టి ‘ఇక ఏ బాకీ లేదు’ అని సంతకం అడిగితే పెట్టకండి. రాజీకి వస్తే ఆసుపత్రి ఖర్చు పూర్తిగా కలిసేలా మాట్లాడుకుని, డబ్బు ఖాతాలో పడ్డాకే సంతకం చేయండి.