దర్బంద్ గోడ గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివానమ్మా. ఇప్పుడు రష్యాలో, కాస్పియన్ ఒడ్డున ఉన్న దర్బంద్ ఊరి గోడ గురించి రాస్తూ, మొదటి పేజీ నిండా అలెగ్జాండర్‌నే నింపావు. లోకం మీద విరుచుకుపడతాయని పురాణాలు చెప్పే గాగ్, మాగాగ్ జాతులు రాకుండా ఆయన ఇనుప తలుపులు బిగించాడన్న కథ చక్కగా చెప్పావు. కానీ ఆయన ఆ దారిన పోనేలేదు. కథను తీసేయమనను. దాన్ని వెనక్కి జరిపి, ముందు మమ్మల్ని గోడ దగ్గరికి తీసుకెళ్ళు.

ఒక పక్క కాకసస్ కొండలు, ఇంకో పక్క కాస్పియన్ సముద్రం, నడుమ మూడు కిలోమీటర్ల పైచిలుకు నేల. ఉత్తరాది మైదానాల నుంచి గుర్రాల మీద వచ్చేవాళ్ళు ఇరాన్ వైపు దిగాలంటే అదే సులువైన దారి. 5వ శతాబ్దంలో అక్కడ పచ్చి ఇటుకల గోడ ఉండేది. 6వ శతాబ్దంలో, ఇరాన్‌ను ఏలిన సాసానీయ వంశపు రాజు ఖుస్రో అనుషిర్వాన్ కాలంలో, రాతి గోడలు లేచాయి. కొండ మీది నారిన్-కలా కోట నుంచి రెండు గోడలు పక్కపక్కనే సాగి సముద్రంలోకి దిగేవి. వాటి మధ్య మూడు నాలుగు వందల మీటర్ల ఎడం, అందులోనే ఊరు. ఇది కళ్ళకు కట్టాక దర్బంద్ అన్న పేరు విప్పు. పారశీకంలో ‘దర్’ అంటే తలుపు, ‘బంద్’ అంటే కట్టు. మనం రోజూ దాటే ద్వారబంధంలోని రెండు మాటలకూ అవి దగ్గరి చుట్టాలే. ఇది నీ వ్యాసంలో లేకపోవడం నాకు నిజంగా వెలితి అనిపించింది.

ఇక రాళ్ళు. వెలుపల ఒక వరుస, లోపల ఒక వరుస చెక్కిన పలకలు, నడుమ సున్నంలో కూరిన రాతి ముక్కలు. ఒక పలకను గోడ వెంట పొడవుగా పెట్టారు, పక్కదాన్ని అంచు మాత్రమే బయటికి కనబడేలా లోపలికి దూర్చారు. గోడ ఇన్నాళ్ళు నిలిచిందంటే ఆ పట్టు కూడా ఒక కారణం.

ఆ రాళ్ళ మీద పహ్లవీ, అంటే ఆనాటి పారశీక భాషలో, రాతలున్నాయి. రాజు పేరు కోసం వెతుకుతామా, కనబడేది అదుర్‌బాదగాన్ అమార్గర్, అంటే అదుర్‌బాదగాన్ అనే రాష్ట్రానికి పన్నుల లెక్కలు చూసే ఉద్యోగి. మన కరణం లాంటివాడు అనుకో. ఇక్కడి నుంచి పైకి కట్టించింది తానేనని చెక్కించుకున్నాడు. కనుమల కాపలా ఖర్చులో వాటా ఇమ్మని సాసానీయులు రోమన్లతో పేచీ పడుతూ ఉండేవారు. ఆ పేచీ పక్కన ఈ లెక్కల మనిషిని నిలబెట్టి చూడు. నీ వ్యాసం మొదలవ్వాల్సింది ఇతనితోనే.

అరబ్బులు దర్బంద్‌ను బాబ్ అల్-అబ్వాబ్, ‘ద్వారాలకే ద్వారం’ అన్నారు. 1813లో రష్యా, ఇరాన్‌ల మధ్య కుదిరిన గులిస్తాన్ ఒప్పందంతో అది రష్యాకు దక్కింది. 2003లో యునెస్కో జాబితాకెక్కింది. ఇవన్నీ ఒక్క పేరాలో సరిపోతాయి, టెన్షన్ పడకు.

కోట నుంచి పడమరగా కొండల్లోకి దాదాపు 40 కిలోమీటర్లు పోయిన డాగ్-బారీ గోడకు మాత్రం నువ్వు ఒక్క వాక్యమే ఇచ్చావు. సముద్రపు ఒడ్డు మూసేస్తే కొండల్లోంచి చుట్టూ తిరిగి వస్తారన్న భయం అందులో ఉంది. దానికి కనీసం రెండు పేజీలు రాసి పంపు, చూస్తాను.