హాలు తలుపులు తెరిచే ముందు పాటల సంగతి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

రావులపాలెం దగ్గర ఫంక్షన్ హాలూ, పక్కనే ఏసీ హోటలూ ఒకేసారి మొదలెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. మొన్న ఫోన్లో జనరేటర్ ఎన్ని కేవీఏ తీసుకోవాలని అడిగావు గానీ పాటల లైసెన్సు మాటే ఎత్తలేదు. ముప్పయ్యేళ్లు మైకుసెట్టు నడిపినవాణ్ణి, ముందు అదే చెబుతాను.

ఆ మధ్య ఒక హాల్లో డిసెంబరు 31 రాత్రికి సౌండ్ పెట్టాను. టికెట్లు అమ్మిన ప్రోగ్రాం అది. సంక్రాంతి వెళ్లాక, లైసెన్సు లేకుండా పాటలేశారని నోటీసొచ్చింది. ఓనరేమో 'పాటలేసింది మైకువాడు' అన్నాడు. ప్రోగ్రాం పెట్టినవాడు ఫోనెత్తడం మానేశాడు. చివరికి తలా ఇంత వేసుకుని కట్టాం. నా వాటా ఆ రాత్రి కిరాయి కన్నా ఎక్కువే అయింది. లాభానికి చోటిచ్చినవాడు కూడా బాధ్యుడేనని, తనకు తెలీదని చూపించుకోగలిగితేనే తప్పించుకుంటాడని 1957 కాపీరైట్ చట్టంలో ఉందట. వకీలు చెబితే అప్పుడు తెలిసింది. ఇది నీకోసమే రాస్తున్నాను, హాలు నీది కదా. బుకింగ్ ఫారంలో 'పాటల లైసెన్సు ఎవరు తీసుకోవాలి' అన్న లైను ఉండాలి, దాని కింద పార్టీ సంతకం ఉండాలి.

మన కొబ్బరితోట చూడు, నేల ఒకరిది, కౌలు ఇంకొకరిది. పాటా అంతే. రాసినవాడి హక్కు, బాణీ కట్టినవాడి హక్కు ఒక వైపు, రికార్డు తీసిన కంపెనీ హక్కు ఇంకో వైపు. మొదటి రెండింటికీ ఐపీఆర్ఎస్ లైసెన్సిస్తుంది, 1969 నుంచీ ఉన్న సంస్థ. రికార్డుకి, ఆ కంపెనీల తరఫున లైసెన్సిచ్చే పీపీఎల్ లాంటివాళ్ల దగ్గరికి వెళ్లాలి. అన్ని కంపెనీల పాటలూ ఒక్కరి చేతిలో ఉండవు. నువ్వేసే పాటల లేబుల్, అంటే రికార్డు కంపెనీ, వాళ్ల జాబితాలో ఉందో లేదో చూసుకున్నాకే డబ్బు కట్టు. నెలనెలా చందా కట్టే ఫోను యాప్ హోటల్లో పనికిరాదు. అది నీ చెవులకిచ్చిన అనుమతే.

పెళ్లిళ్ల గురించి కంగారు పడకు. మతపరమైన వేడుకకి, ప్రభుత్వం జరిపే వేడుకకి అదే కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. పెళ్లి ఊరేగింపూ, పెళ్లితో ముడిపడ్డ సంబరాలూ అందులోకే వస్తాయని చట్టమే చెప్పింది. 2023 జులైలో కేంద్రం నోటీసిచ్చి మళ్లీ గుర్తుచేసింది. ఆ తర్వాత గోవా ప్రభుత్వం ఇలాంటి సర్క్యులరే ఇస్తే 2024లో బొంబాయి హైకోర్టు కొట్టేసింది. అయినా చట్టంలోని మాట చెక్కుచెదరలేదు. ఆ సెక్షన్ కాపీ ఒకటి ఆఫీసు గోడకి అంటించు. టికెట్ పెట్టిన డ్యాన్స్ నైటుకీ, కంపెనీ పార్టీకీ మాత్రం ఆ గొడుగు లేదు.

పాత పాటలు ఊరికే వేసుకోవచ్చని నీ మైకువాడు అంటాడు, నమ్మకు. రికార్డు హక్కు విడుదలైన 60 ఏళ్లకి పోతుంది, నిజమే. కానీ రాసినవాళ్ల, బాణీ కట్టినవాళ్ల హక్కు వాళ్లు పోయాక కూడా 60 ఏళ్లుంటుంది. ఘంటసాల గారు 1974లో పోయారు, కాబట్టి ఆయన కట్టిన బాణీలకి 2034 చివరి దాకా హక్కుంటుంది. త్యాగయ్య కృతి అయితే నువ్వు పాడించుకో, ఎవరూ అడగరు. కానీ దాన్నే ఈమధ్య ఎవరో రికార్డు చేస్తే ఆ రికార్డు వాళ్లది.

ఎవరైనా లైసెన్సు కంపెనీ మనుషులమంటూ మెడలో కార్డేసుకొచ్చి 'నగదిచ్చెయ్యండి, చూసీచూడనట్టు పోతాం' అంటే కాఫీ ఇచ్చి పంపెయ్. కంపెనీ ఖాతాకి కట్టు, జీఎస్టీ బిల్లు తీసుకో. నిజమైన నోటీసొస్తే మాత్రం సొరుగులో పడెయ్యకు.

రాత్రి పదయ్యాక ఆరుబయట స్పీకరు కట్టెయ్యాలన్నది నీకు తెలిసిందే.

హోటల్లో సీట్లెన్ని, హాలు ఎన్ని చదరపు అడుగులో రాసి పంపు, లైసెన్సు రేటు వాటిని బట్టే ఉంటుంది. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వస్తాను. మర్నాడు మీ ఇంట్లో కూర్చుని ఫారాలు నింపేద్దాం. జనరేటర్ సంగతీ అప్పుడే.

మీ మావయ్య