క్యూ ధర కన్నా టేబుల్ అద్దె ఎక్కువ

ప్రశ్న: నెల్లూరులో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంటెంటును. జీతం 42 వేలు. వారానికి నాలుగు సాయంత్రాలు, రెండేసి గంటలు పూల్ (బిలియర్డ్స్ లాంటి టేబుల్ ఆట) ఆడతాను. టేబుల్ అద్దె గంటకు 180 రూపాయలు, ఓడినవారే కట్టాలి. 36 వేల రూపాయల క్యూను (బంతిని కొట్టే కర్రను) క్రెడిట్ కార్డు ఈఎంఐ మీద కొందామంటే నా భార్య వద్దంటోంది. చెన్నైలో గోల్ఫ్ ఆడే మా బావ ఖర్చు ముందు నాది ఏపాటిది?

జవాబు: పరికరాల వరకు మీ మాట నిజమే. గోల్ఫ్ నిబంధనల ప్రకారం ఒక రౌండుకు 14 క్లబ్బుల (బంతిని కొట్టే కర్రల) దాకా వెంట తీసుకెళ్లవచ్చు. వాటికి తోడు సభ్యత్వం, మైదానం రుసుము, ఆ క్లబ్బులు మోసే కేడీ కూలి, నీళ్లలోనో పొదల్లోనో పోయే బంతులు ఉంటాయి. పూల్‌లో టేబుల్, బంతులు పార్లరువే, మీరు కొనవలసింది ఒక్క క్యూ. అయితే గోల్ఫ్‌లో పూర్తి రౌండు, అంటే 18 హోల్స్, ఆడడానికి నాలుగు గంటలకు పైగా పడుతుంది కాబట్టి ఉద్యోగస్థుడు సెలవు రోజున తప్ప ఆడలేడు. పూల్ పార్లరు మాత్రం ఆఫీసు నుంచి ఇంటికి వెళ్లే దారిలోనే ఉంటుంది, అందుకే ఆ ఖర్చు చప్పుడు లేకుండా పెరుగుతుంది. ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువు వేసిన రైతును అడిగినా ఇదే చెబుతాడు: రొయ్య పిల్లకు పెట్టిన డబ్బు ఒక్కసారి కనబడి ఊరుకుంటుంది, పెట్టుబడిలో పెద్ద భాగం రోజూ చల్లే మేతకే పోతుంది.

మీ లెక్క చూద్దాం. వారానికి 8 గంటలకు 1,440 రూపాయలు, నెలకు 6,240. సగం ఆటలు మీరే ఓడినా మీ వాటా 3,120 రూపాయలు, అంటే జీతంలో ఏడు శాతం పైన. ఏడాదికి అది 37,440 అవుతుంది. క్యూ ధర దానికన్నా తక్కువే. పార్లరులో తాగే టీలు, తినే చిరుతిళ్లు ఇందులో కలపలేదు. బావగారి ఖర్చును ఆయన ఆదాయంతోనూ, మీ ఖర్చును మీ జీతంతోనూ కొలవాలే తప్ప ఒకదానితో ఒకటి కాదు.

ఈఎంఐ వద్దు. వడ్డీ లేదని చెప్పినా ప్రాసెసింగ్ రుసుము, వడ్డీ భాగంపై 18 శాతం జీఎస్టీ తరచుగా పడతాయి. వాయిదా తప్పితే చాలా కార్డులపై నెలకు 3 శాతానికి మించిన వడ్డీ మొదలవుతుంది. ఆటను రెండు సాయంత్రాలకు తగ్గిస్తే నెలకు 1,560 రూపాయలు మిగులుతాయి. అందులో 1,500 రూపాయలను ఏడాది పాటు రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే 18 వేలు, దానిపై కొంత వడ్డీ చేతికి వస్తాయి. ఆ డబ్బుతో తిన్నని షాఫ్ట్ (కర్ర ముందు భాగం), మంచి టిప్ (బంతికి తగిలే కొస) ఉన్న క్యూను అప్పు లేకుండా కొనుక్కోండి. అంతకు మించి పెట్టే డబ్బులో చాలావరకు అలంకార పనితనానికే పోతుంది. టిప్ అరిగితే మార్చుకోవచ్చు గాని, మన ఎండల్లో కారులో వదిలేస్తే కర్ర వంగిపోతుంది, జాగ్రత్త.

మీ ఉత్తరంలో పొదుపు ప్రస్తావనే లేకపోవడం నన్ను క్యూ ధర కన్నా ఎక్కువ కలవరపెట్టింది. కనీసం మూడు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బు మీ దగ్గర లేకపోతే, ఈ డిపాజిట్ సొమ్ము ముందు దానికే కేటాయించండి, క్యూ తర్వాత కొనవచ్చు. ఈ లెక్కను మీ భార్యతో కలిసి కూర్చుని చూడండి. ఆమె వద్దంటున్నది క్యూనా, వారానికి నాలుగు సాయంత్రాలనా అన్నది కూడా అడిగి తెలుసుకోండి.