కోటికి ఎత్తిన పడగ పాముదేనా?

ప్రశ్న: విశ్వనాథవారి ‘వేయిపడగలు’ను పి.వి. నరసింహారావుగారు ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి అనువదించారని చదివాను. పడగ అంటే ఫణమే కదా. మరి ‘కోటికి పడగలెత్తాడు’ అంటే డబ్బున్నవాణ్ణి పాముతో పోల్చినట్టా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

సమాధానం: డబ్బున్నవాణ్ణి పాముతో పోల్చాలని మీకు ఉంటే నేను అడ్డురాను. కానీ ఆ పడగ పాముది కాకపోవచ్చు.

పడగకు జెండా అనే అర్థం కూడా ఉంది. ఇప్పటివాళ్ళు దాన్ని పూర్తిగా మరిచిపోయారు. విరాటపర్వంలో ఉత్తరుడికి అర్జునుడు కౌరవవీరుల్ని ఒక్కొక్కరినీ వాళ్ళ జెండా గుర్తులతో చూపిస్తాడు. ఒకే పద్యంలో ఆరుగురు వీరులు, ఆరు జెండాలు. తిక్కన వాడిన మాటలు చూడండి: ద్రోణుడికి కేతనం, అశ్వత్థామకు కేతువు, కృపుడికి ధ్వజం, కర్ణుడికి పతాక, భీష్ముడికి సిడము. ఒక్క మాటా రెండోసారి రాలేదు. దుర్యోధనుడి దగ్గరికి వచ్చేసరికి ‘మణిమయోరగ రుచిజాల మహితమైన పడగవాఁడు కురుక్షితిపతి’ అన్నాడు. ఆ జెండా మీద ఉన్నది పాము. ఆరు మాటల్లో పడగను ఏరి సరిగ్గా ఆ పాము జెండాకే కట్టాడు మహానుభావుడు! ‘పతి’లోని పకారంతో యతి కుదరడానికే పడగ పడిందని ఛందస్సువాళ్ళు అంటారు. అననివ్వండి.

జెండా పడగ సంస్కృత ‘పతాక’ నుంచి ప్రాకృత ‘పడాగా’ మీదుగా వచ్చిందని చెప్పుకోవచ్చు. పాము పడగ దారి వేరు. తమిళంలో దాన్ని ‘పడం’ అంటారు. పుట్టుక వేరైన రెండు మాటలు తెలుగులో ఒక్క రూపులో కలిసిపోయాయని నా అనుమానం. పడగనీడ, పడగ విప్పడం పాము పడగకు చెందినవి.

ఇక పి.వి.గారి సంగతి. ఆయనను అనువాదకుడిగానో ప్రధానిగానో తలుచుకునేవాళ్ళకు, కథకుడని గుర్తుండదు. 1949లో వరంగల్లు ‘కాకతీయ పత్రిక’లో ‘విజయ’ అన్న పేరుతో ‘గొల్ల రామవ్వ’ కథ రాశారు. అందులో ముసలమ్మ నోట పలికేది అచ్చమైన తెలంగాణ పలుకు. 1957లో మంథని నుంచి శాసనసభకు వెళ్ళారు. మంత్రిగా ఫైళ్ళు చూస్తున్న రోజుల్లోనే, 1968లో, ‘సహస్రఫణ్’ వచ్చింది. రామవ్వకు ఊరి మాట ఇచ్చిన మనిషి, ‘వేయి’, ‘పడగలు’ అనే రెండు తెలుగు మాటలను హిందీకి ఇచ్చేటప్పుడు సంస్కృత సమాసం చేసేశారు. నాకు ఇది కొంచెం వెలితే. అయితే తప్పు పట్టను. నవలలోని ఊరు సుబ్బన్నపేటను కాపాడే సుబ్రహ్మణ్యేశ్వరుడు వేయి పడగల పామే కాబట్టి అక్కడ ఫణమే రావాలి. జెండా అర్థం హిందీకి దాటదు, ఆ నవలకు దానితో పనీ లేదు.

కోటి రూపాయలు కూడబెట్టినవాడు ఇంటి మీద జెండా ఎత్తేవాడని, దాన్నుంచే ‘కోటికి పడగలెత్తడం’ వచ్చిందని పెద్దలు చెబుతారు. ‘ఎత్తు’ అన్న క్రియ జెండాకే బాగా నప్పుతుంది. నిధికి పాము కాపలా అనే నమ్మకం ఉంది కనుక, పాము పడగే అనేవాళ్ళనూ పూర్తిగా కాదనలేను. నా మొగ్గు మాత్రం జెండా వైపే. పడగెత్తు, పడగలెత్తు – రెండూ వాడుకలో ఉన్నాయి, రెండూ రాయవచ్చు. టీవీల్లో ‘కోట్లకు పడగ విప్పిన నేత’ అంటున్నారే, అది మాత్రం వద్దు. విప్పేది పాము. ‘కోటికి పగడాలెత్తాడు’ అని రాసినాయన దగ్గర పగడాలు ఎన్ని ఉన్నాయో నాకు తెలియదు.